గొడుగావిడ దారం మార్చే చోటు

ముందుగా నన్ను క్షమించాలి. మనవరాలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, దాని పలక పక్కన కూర్చుని నేర్చుకున్న అక్షరాలివి. ఒత్తులు ఇంకా నా మాట వినవు. నేను ఒక పేజీ రాసేలోపు మా అమ్మాయి ఇంటెడు పనీ ముగించుకుని వచ్చి, "ఇంకా అక్కడే ఉన్నావా అమ్మా!" అంటుంది. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి. కుట్టు కాస్త వంకరపోయినంత మాత్రాన చొక్కా చొక్కా కాకుండా పోదు కదా.

మా ఆయన దర్జీ. రెండు వీధులు కలిసే మూల మీద ఇరుకు షాపు. ముందు ఆయన మిషను, వెనక ఇస్త్రీ బల్ల, బల్ల కింద ముక్కల మూట, మూట పక్కన నేను. కాజాలు, గుండీలు, అంచులు నావి. మిగిలినవన్నీ ఆయనవి, కబుర్లతో సహా.

షాపులో రేడియో పెడితే ఆయనకి పడేది కాదు. పాటలో మాటలుంటే మనసు మాటల వెంట పోతుందనీ, కుట్టు దారి తప్పుతుందనీ అనేవారు. ఊరికే అన్న మాట కాదది. ఒకసారి పక్క షాపు రేడియోలో ఎవరో విరహంతో పాడుతుంటే విని, ఒక పెద్దమనిషి ప్యాంటుకి రెండు కాళ్ళూ ఎడమ కాళ్ళే కత్తిరించారు. ఆ పెద్దమనిషి తొడుక్కుని చూసి, "ఏమయ్యా, నాకు కుడికాలు లేదనుకున్నావా?" అంటే, మా ఆయన తల గోక్కుని, "విరహం సార్" అన్నారు.

అటువంటి మనిషికి మాటల్లేని పియానో దొరకడం ఆ పెద్దమనిషి అదృష్టం, తరవాత వచ్చిన అందరి కాళ్ళ అదృష్టం.

దొరికింది పాత సామాన్ల షాపులో. ఆ షాపతని కోటుకి చేతులు పొట్టి చేసి ఇచ్చినందుకు బదులుగా, మూలన పడున్న పాత రికార్డు ప్లేయరునీ ఒక అట్టపెట్టెనూ తీసుకుపొమ్మన్నాడు. పెట్టెలో రికార్డులు. ఓడలో వంటచేసే మనిషెవరో అమ్మిపోయాడట. అన్నీ జపానువి. అందరూ పియానో వాయించేవాళ్ళే. జాజ్ అంటారు దాన్ని అని షాపతనే చెప్పాడు. నెమ్ము తగిలిందని ఆ వంటమనిషి రికార్డుల్ని అట్టల్లోంచి తీసి ఆరబెట్టి, మళ్ళీ పెట్టే ఓపిక లేక అట్టలు ఒక దొంతర, రికార్డులు ఒక దొంతర కట్టి ఇచ్చేశాడు. మా ఆయన రెండు దొంతరలూ ఇస్త్రీ బల్ల మీద పరిచారు. నేను గుండీలు కుడుతూ తల ఎత్తేసరికి అన్నింటినీ జతచేసేశారు.

"అప్పుడే అయిపోయిందా?" అన్నాను.

"దారం పెట్టె ముందు కూర్చుని జీవితం గడిపినవాడికి ఇదొక పనా!" అన్నారు.

ఆయన తెలుగు గడగడా చదివేవారు. నాకు అప్పటికి ఏ అక్షరమూ రాదు. ఆ జపాను అట్టల ముందు మాత్రం ఇద్దరం సమానమే. ఆయన ఒక అట్టని నిలువుగా పెట్టి చూశారు, అడ్డంగా పెట్టి చూశారు, వెలుతురుకి ఎత్తి చూశారు.

"ఇప్పుడు తెలిసిందా నా బాధ?" అన్నాను.

"తెలిసింది లేవోయ్" అన్నారు. ఆ అనడంలో వెటకారం లేదు. అందుకే గుర్తుంది.

పేర్లు చదవలేక మేమే పేర్లు పెట్టుకున్నాం. అట్ట మీద బొమ్మను బట్టి పెట్టినవే. ఎండిన చెట్టు మీద ఒంటి కాకి ఉంటే కాకిగారు. ఖాళీ కుర్చీ ఉంటే కుర్చీ ఆయన. గోధుమరంగు అట్ట మీద గుబురు మీసాలాయన సైకిలు తొక్కుతూ ఉంటే సైకిలాయన. నీలం అట్ట మీద, వానలో గొడుగు పట్టుకుని వెనుదిరిగి నిలబడిన సన్నటి మనిషి ఉంటే గొడుగావిడ. పని తొందరగా ఉన్న రోజున సైకిలాయన్ని పెట్టేవాళ్ళం. ఆ జోరుకి నా చేతిలో కాజాలు వాటంతట అవే పూర్తయిపోయేవి. గొడుగావిడ మాత్రం రోజూ ఉండాల్సిందే, షాపు కట్టేసే ముందు.

ప్రతి అట్ట వెన్ను మీదా, రికార్డు మధ్యలో ఉండే గుండ్రటి కాగితం మీదా ఏవో అంకెలుండేవి. కొలతల టేపు పుణ్యమా అని నాకు అంకెలు ఎప్పటినుంచో వచ్చు. అవేమిటండీ అని అడిగితే, "సైజులు" అన్నారు తడుముకోకుండా.

"అన్నీ ఒకే సైజులో ఉన్నాయి కదా?"

"అదే చూడు. అంతటి జపాను వాళ్ళకి కూడా కొలతలు తీసుకోవడం రాదు."

గొడుగావిడ రికార్డులో రెండో పాట నెమ్మదిగా మొదలవుతుంది. సన్నటి పాట. నడిచి నడిచి, సగంలో ఉన్నట్టుండి ఆగిపోతుంది. రికార్డు మీద ముల్లు గీసుకునే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అక్కడ మా ఆయన కాలు మిషను మీద ఆగేది. కత్తెర చేతిలో ఉంటే అలాగే గాల్లో నిలిచేది. ఆ నిశ్శబ్దంలో, వాయించేవాళ్ళు గొంతులోనే చిన్నగా "ఊఁ" అనుకోవడం వినిపిస్తుంది. ఆ తరవాత మళ్ళీ పాట.

"ఆవిడ దారం మారుస్తోంది" అనేవారు నావైపు చూసి. ప్రతిరోజూ అదే మాట, ఎప్పుడూ కొత్తగా చెబుతున్నట్టు.

"ఆవిడ, ఆవిడ అంటూ తెగ మురిసిపోతున్నారు. మొహం కూడా చూడలేదు" అనేదాన్ని.

"మొహంతో పనేమిటి? ఆ పొందిక చూడు. ఆడవాళ్ళ చేతికి తప్ప రాదు."

"నా కాజాల్లో పొందిక ఎప్పుడైనా కనబడిందా తమరికి?"

"నువ్వు కూడా ఓ గొడుగు పట్టుకు కూర్చుంటే కనబడేదేమో!"

కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు మా గొడవ విని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ నిజం చెప్పాలంటే, ఒక్కోరోజు ఆ నీలం అట్టని చూస్తే ఒళ్ళు మండేది. సవతి అన్నాక వానలో నిలబడినా సవతే.

ఆయన పోయారు. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను. షాపు ఖాళీ చేసి, మిషనునీ రికార్డుల పెట్టెనూ తీసుకుని కూతురి ఇంటికి వచ్చాను. మా అల్లుడుగారు ఫ్రిజ్‌లు బాగుచేస్తారు. తన వ్యానులోనే సామానంతా చేరవేశారు. అన్నింటికంటే విలువైనది కదా అని, గొడుగావిడ రికార్డుని మాత్రం పెట్టెలో వేయకుండా వ్యాను ముందు అద్దం దగ్గర విడిగా పెట్టారు. మధ్యలో ఎవరో ఫ్రిజ్ చల్లబడటం లేదని ఫోను చేస్తే దారిలో ఆగారు. బయట ఎండ మండిపోతోంది. ఇంటికి వచ్చి చూస్తే రికార్డు పెనం మీద కాలిన ఆకులాగా వంకరలు తిరిగి ఉంది.

పాపం, అల్లుడుగారి మొహం చూడలేకపోయాను.

"అత్తయ్యగారూ, నన్ను తిట్టండి" అన్నారు.

"తిట్టడానికేముంది బాబూ" అన్నాను.

మా అమ్మాయి ఊరుకోలేదు. "ఊరందరి ఇళ్ళలో అన్నీ చల్లగా ఉంచే మహానుభావులు! మా అమ్మదొక్కటీ ఎండలో పెట్టారు!" అంది. వారం రోజులు ఆ మాట మీదే నడిచింది ఇల్లు.

ఆ వంకర రికార్డుని నా పరుపు కింద పెట్టాను, బరువుకి సాపవుతుందేమోనని. ముల్లు దాని మీద నిలవదు. పోనీలే, పాట నోటికొచ్చు కదా, గుర్తున్నంత కాలం ఉన్నట్టేగా అనుకున్నాను.

అక్కడే పొరబడ్డాను. ఒకరోజు గిన్నెలు తుడుస్తూ ఆ పాట కూనిరాగం తీస్తున్నాను. నడిచింది, నడిచింది, ఆగాల్సిన చోట ఆగింది. "ఊఁ" కూడా అన్నాను. ఆ తరవాత లేదు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మర్నాడు మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అక్కడే తెగింది. ఆయన కత్తెర గాల్లో అలా నిలిచే ఉంది, ఇంక దిగడం లేదు. ఆయన గొంతు ఇప్పటికే కాస్త మసకబారింది. ఇది కూడా పోతే ఆ షాపులో సాయంత్రాలు ఎలా ఉండేవో నాకు చెప్పేవాళ్ళెవరు?

అల్లుడుగారికి ఈ సంగతి అమ్మాయి చెప్పినట్టుంది. ఆదివారం పొద్దున్నే వ్యాను తుడిచి, "పదండి అత్తయ్యగారూ, ఆ పాట ఎక్కడుందో పట్టుకుందాం" అన్నారు. నీలం అట్ట చంకన పెట్టుకుని బయలుదేరాను.

చాలా పాత రికార్డుల షాపులు తిరిగాం. కొన్నిచోట్ల అట్ట చూసి పెదవి విరిచారు. ఒకచోట షాపతను, "ఇలాంటివి గోడకి బాగుంటాయి, వినడానికి కాదు" అన్నాడు. అల్లుడుగారు అతని ఫ్రిజ్ ఎప్పుడైనా చెడిపోవాలని అక్కడికక్కడే కోరుకున్నారు.

చివరికి దొరికింది మెట్లు దిగి వెళ్ళే ఒక షాపు. గోడల పొడుగునా చెక్కపెట్టెలు, వాటినిండా రికార్డులు. యజమాని ఒక నడివయసు ఆవిడ. కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. ఎవరు ఏ రికార్డు తెచ్చినా దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, "ఇది గోటి గాయం, పైపైనే. ఇది మాత్రం లోతు" అంటుంది. అందుకని మేం ఆమెకి గీతల డాక్టరమ్మ అని పేరు పెట్టాం. ఆమెకి తెలిసినా ఏమీ అనుకోలేదు.

నీలం అట్ట చూసి కళ్ళజోడు పెట్టుకుంది. "ఈ జపాను పియానో వాళ్ళు తెలుసా మీకు, పెద్దమ్మా?" అంది ఆశ్చర్యంగా.

"తెలియకేం! మా షాపులో ఏళ్ళ తరబడి ఉన్నారు" అన్నాను.

"వీళ్ళ దేశంలోనే వీళ్ళని ఎరిగినవాళ్ళు తక్కువ. నాకు ప్రాణం. దొరికితే మీకే తీసిపెడతాను. అప్పుడప్పుడూ రండి."

అప్పుడప్పుడూ కాస్తా ప్రతి ఆదివారం అయింది. వెతకడానికి వెళ్ళి వినడానికి కూర్చునేదాన్ని. ఆ షాపులో ఎంతమందిని పరిచయం చేసిందో డాక్టరమ్మ! ఒకాయన పగలంతా పళ్ళ వైద్యుడట, సాయంత్రాలు మాత్రమే పియానో. వింటే తెలుస్తుంది, ఎవరికీ నొప్పి పుట్టకుండా వాయిస్తాడు. ఒకావిడ ఒకే ఒక్క రికార్డు చేసి, చాలు అనుకుని కుండీల్లో మొక్కలు పెంచుకుంటూ ఉండిపోయిందట. ఇంకొకాయన వాయిస్తుంటే కుర్చీ కిర్రుమంటూ ఉంటుంది. "ఎవరైనా కాస్త నూనె వేయకూడదూ!" అంటే, "ఆ కిర్రు కోసమే కొనేవాళ్ళున్నారు పెద్దమ్మా" అంది. వాళ్ళ అసలు పేర్లు చెప్పేది, నేను పలికేదాన్ని. ఇంటికి చేరేసరికి మాత్రం పళ్ళాయన, మొక్కలావిడ, కిర్రాయనే మిగిలేవారు.

పెట్టెల్లో వెతుకుతుంటే మా సైకిలాయన అట్ట మాటిమాటికీ చేతికి తగిలేది. "నువ్వు మా ఇంట్లో ఉన్నావుగా నాయనా, పక్కకి జరుగు" అని వెనక్కి తోసేదాన్ని. మళ్ళీ ఆదివారానికి ఎలాగో ముందుకి వచ్చి కూర్చునేవాడు.

ఒకరోజు డాక్టరమ్మ ఫోను చేసింది, గొడుగావిడ వచ్చిందని. అల్లుడుగారు పని మధ్యలో వదిలేసి వెళ్ళి, ఒళ్ళో పెట్టుకుని మరీ తెచ్చారు. ఈసారి వ్యాను కిటికీలకి తువ్వాళ్ళు కట్టారు. అదే నీలం అట్ట, అదే వాన. అందరం కూర్చున్నాం. రెండో పాట దగ్గర ముల్లు పెట్టారు.

జోరుగా, టకటకా, తరుముకొస్తున్నట్టుగా ఏదో మొదలైంది.

"ఇది కాదు" అన్నాను.

వెనక్కి తిప్పి వేశారు. మొదటి పాట నుంచి వేశారు. ఎక్కడా ఆ నెమ్మది పాట లేదు.

"అమ్మా" అంది అమ్మాయి మెల్లిగా, "చాలా ఏళ్ళయింది కదా. నువ్వు ఇంకెక్కడో విన్నదాన్ని దీనితో కలిపేసుకున్నావేమో."

పాటే లేకపోతే, అది ఆగిన చోటు మాత్రం ఎక్కడుంటుంది? మిషను ఆగడం, ఆయన తల ఎత్తడం, ఆ మాట... ఇవన్నీ నేను కూర్చుని అల్లుకున్నవేనా? అల్లుడుగారు నా మొహం చూసి, రికార్డు తీసేయబోయారు.

అప్పుడు అమ్మాయి, "ఏం కుడుతున్నావమ్మా?" అంది.

చూసుకుంటే నా కుడిచెయ్యి ఒళ్ళో దానంతట అది కదులుతోంది. సూది లేదు, గుడ్డ లేదు. కాజా కుడుతోంది, అదీ గబగబా.

"ఉండండి బాబూ, తీయకండి! ఇది నాకు తెలుసు. ఇది సైకిలాయన!"

మా పెట్టెలోంచి సైకిలాయన్ని తీసి వేశాం. అక్షరాలా అదే జోరు, అదే టకటక. రెండు వేరువేరు అట్టల్లో ఒకే పాట. అల్లుడుగారు ఒక అట్టని చూస్తారు, రెండో అట్టని చూస్తారు, నన్ను చూస్తారు. "ఇది ఫ్రిజ్ అయితే ఎక్కడ పోయిందో చెప్పేవాణ్ణి అత్తయ్యగారూ" అన్నారు.

పరుపు కింది వంకర రికార్డుతో సహా అన్నింటినీ డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్ళాం. ఆమె వంకరదాన్ని దీపం కింద పట్టుకుంది. మధ్య కాగితం మీద అంకెలు చదివింది. నీలం అట్ట వెన్ను మీద అంకెలు చదివింది. తరవాత మా పెట్టెలోవన్నీ ఒక్కొక్కటే తీసి చూసింది. చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది.

"పెద్దమ్మా, అట్ట మీద అంకె, లోపలి అంకె ఒకటే ఉండాలి. మీ పెట్టెలో చాలావాటికి కలవడం లేదు. ఎవరు సర్దారు వీటిని?"

"మా ఆయన."

"ఏం చూసి సర్దారు?"

నేను బల్ల మీద పరిచిన వాటిని చూశాను. నీలం అట్టలో నీలం కాగితం రికార్డు. గోధుమరంగు అట్టలో గోధుమరంగు కాగితం. కాకిగారి నల్ల అట్టలో నల్లది. ఎరుపుకి ఎరుపు. గుండెలోంచి నవ్వు తన్నుకొచ్చింది, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి.

"దర్జీ అమ్మా ఆయన! బట్ట రంగుకి దారం చూసుకున్నారు!"

అంకెల్ని సైజులనుకున్నామని కూడా చెప్పాను. డాక్టరమ్మ నవ్వాపుకోలేక కాసేపు పెట్టెల వెనక్కి వెళ్ళి వచ్చింది.

వచ్చాక చెప్పింది. వంకరపోయింది గొడుగావిడ కాదు. అది మొదటినుంచీ సైకిలాయన వాయించింది. తరుముకొచ్చే ఆ జోరంతా గొడుగు పట్టుకున్న సన్నటి మనిషిదట.

"అంటే మామయ్యగారు రోజూ ఆవిడ, ఆవిడ అని మురిసిపోయింది..." అన్నారు అల్లుడుగారు.

"గుబురు మీసాలాయన్ని చూసి" అన్నాను. "ఇన్నేళ్ళూ ఒళ్ళు మండించుకున్నాను బాబూ. నా సవతికి మీసాలున్నాయి."

ఆ మాటకి నవ్వుతూనే నాకు ఒక్కసారిగా వెలిగింది. "సైకిలాయన అట్ట! ఆ పెట్టెలో ఉండేది! నేనే కదా వెనక్కి తోశాను!"

ముగ్గురం ఆ పెట్టె మీద పడ్డాం. ముందు లేదు. మధ్యలో లేదు. ఎవరైనా పట్టుకుపోయారేమో అనుకున్నాను. ప్రతివారం నేనే తోసి తోసి, అట్టడుగుకి గోడవైపుకి చేర్చేశాను. అక్కడున్నాడు, మీసాలతో, సైకిలు తొక్కుతూ.

డాక్టరమ్మ దీపం కింద పట్టుకుని మూతి ముడిచింది. "గాయాలున్నాయి పెద్దమ్మా. రెండో పాట మధ్యలోనే. దాటుతుందో లేదో చెప్పలేను." మెత్తటి గుడ్డ తడిపి తుడిచింది. ఆరేదాకా ఆగింది. ముల్లు దించింది.

మొదలైంది. నెమ్మదిగా, సన్నగా. నా చెవి అబద్ధం చెప్పలేదు. నడిచి నడిచి సగంలో ఆగింది. చిటపటలు. ఒక పెద్ద గీత మీద ముల్లు ఎగిరిపడింది. డాక్టరమ్మ చెయ్యి చాచింది, మళ్ళీ ఆగింది. "ఊఁ" వినబడింది. ఇప్పుడు వింటే మగగొంతే. ఎలా పోల్చుకోలేదో మరి!

ఆ తరవాతది వచ్చింది.

కొత్తదేమీ కాదు. మొదట వాయించిన పాటే మళ్ళీ, ఈసారి ఒంటిచేత్తో, ఇంకా మెల్లిగా. అంతే. ఆ నిశ్శబ్దం అవతల ఏదో పెద్దది ఉందని గిన్నెల దగ్గర నిలబడి వెతికాను. మొదలే మళ్ళీ వస్తుందని నాకు తట్టలేదు. మా ఆయన కూడా అంతే చేసేవారు. దారం మార్చాక, పాత కుట్టు మీదనే నాలుగు కుట్లు వేసి, ఆ తరవాతే ముందుకి వెళ్ళేవారు. లేకపోతే కుట్టు విడిపోతుందని.

"దారం మార్చాడు" అన్నాను పైకే. అల్లుడుగారు తల తిప్పుకుని, రికార్డుల పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు.

కట్టి ఇచ్చేముందు డాక్టరమ్మ, "మీ పెట్టెలోవన్నీ ఏ అట్టలోవి ఆ అట్టలో పెట్టి ఇస్తాను పెద్దమ్మా, అరగంట పని" అంది.

"వద్దమ్మా" అన్నాను.

ఆ కొత్త రికార్డుని, నీలం కాగితం ఉన్నదాన్ని, నీలం అట్టలోనే పెట్టుకున్నాను. వానలో నిలబడిన ఆవిడ వీపు వెనకాల ఇప్పుడు మీసాలాయన హాయిగా ఉన్నాడు. డాక్టరమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. పట్టుకుంటే పట్టుకోనీ. మా ఇంట్లో రంగు కలవాలి.

ఇప్పుడు సాయంత్రాలు మిషను దగ్గర కూర్చుని మనవరాలి గౌనులకి అంచులు కుడతాను. ఆ చోటు రాగానే కాలు ఆపుతాను. వంటింట్లోంచి అమ్మాయి, వీధి గుమ్మంలోంచి అల్లుడుగారు ఒకేసారి, "దారం మారుస్తున్నాడు!" అని అరుస్తారు. వాళ్ళని నేను సరిదిద్దుతాను.

"మారుస్తోంది" అంటాను.

ఇట్లు,
దర్జీగారి ఆవిడ,
వయసు అరవై ఎనిమిది,
ప్రస్తుతం ఉంటున్నది కూతురి ఇంట్లో, వీధివైపు గదిలో, మిషనుకీ రికార్డుల పెట్టెకీ మధ్యనున్న మంచం మీద.